ప్రశ్నను విడువని రసాయనవేత్త – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రసాయనశాస్త్రాన్ని మొదటిసారిగా చదివే విద్యార్థులు ఏటేటా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. తరగతులు మారినా, పాఠ్యపుస్తకాలు మారినా ఆ ప్రశ్నలు మాత్రం మారవు. కంటికి కనబడని అణువులను ఎట్లా లెక్కిస్తారు? సమీకరణాన్ని తుల్యం చేయడం ఎందుకు? ప్రయోగంలో వచ్చిన ఫలితం పుస్తకంలో ఉన్నట్లు రాకపోతే ఏమి చేయాలి? శక్తి పదార్థంలో ఎక్కడ దాగి ఉంటుంది? ఇన్ని సూత్రాలు నేర్చి చివరికి ఏమి సాధిస్తాము? వీటికి తోడు, పైకి అడగకుండా మనసులోనే దాచుకునే ప్రశ్న మరొకటి ఉంది. పరీక్ష తప్పినవానికి ఈ శాస్త్రంలో స్థానం ఉన్నదా?

ఈ ప్రశ్నలకు సిద్ధాంతాలతో జవాబు చెప్పవచ్చు. ఒక జీవితంతో చెప్పిన జవాబు మనసులో మరింత కాలం నిలుస్తుంది. అందుకే తెలుగునాట పుట్టి, పరాయి దేశంలో పనిచేసి, అక్కడే కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్రను ఈ సంచికలో విద్యార్థుల ముందు ఉంచుతున్నాము. ఉర్దూలో కీమియా అన్నా, తెలుగులో రసాయనం అన్నా శాస్త్రం ఒక్కటే. అరబ్బుల అల్ కీమియా నుండియే ఆంగ్లేయుల కెమిస్ట్రీ అన్న మాట వచ్చింది. జ్ఞానం భాషల సరిహద్దులను గుర్తించదు. సుబ్బారావు గారి జీవితం ఆ మాటకు చక్కని నిదర్శనం.

ముందుగా మన నేలనే చూద్దాం. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్టసీమగా తరతరాలు ఎరిగియున్నాయి. 2022 నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. జగ్గయ్యపేట చుట్టుప్రక్కల భూమిలో సున్నపురాయి సమృద్ధిగా ఉన్నది. ధనంబోడు మీది బౌద్ధ స్తూపానికి ప్రాచీన శిల్పులు చెక్కిన పలకలు సున్నపురాయివే. నేటి సిమెంటు కర్మాగారాలకు ఆధారం కూడా ఆ రాయియే. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాల్చితే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు ఏమైనట్లు? బూడిద కాలేదు, నశించలేదు. బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోయింది. సమీకరణాన్ని తుల్యం చేయడం అంటే ఈ 44 కిలోలకు లెక్క అప్పగించడమే. వ్యాపారి చిట్టాలో జమ, ఖర్చు సరిపోవలసినట్లే పదార్థపు చిట్టాలోనూ ఒక్క పరమాణువు తప్పిపోరాదు. లెక్క సరిపోకపోతే మన కంటికి చిక్కనిది ఏదో అక్కడ ఉన్నదని అర్థం. ఈ చిన్న సూత్రాన్ని జీవితాంతం పట్టుకొని నడిచినవారు సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం గారలు. ఏడుగురు సంతానంలో ఆయన ఒకరు. కుటుంబం కలిగినది కాదు. రాజమహేంద్రవరంలో చదువు సాగుతున్న కాలంలో ఇంట వరుసగా రోగాలు, మరణాలు సంభవించాయి. చదువు దెబ్బతిన్నది. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన మొదటిసారి ఉత్తీర్ణులు కాలేదు. రెండవసారీ కాలేదు. చివరకు మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని తలచారు. తల్లి అందుకు సమ్మతించలేదు. మనుష్యులకు సేవ చేయాలన్న కోరిక అప్పుడు వైద్యవిద్య వైపు మళ్ళింది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అక్కడా దారి సాఫీగా లేదు. అవి జాతీయోద్యమపు రోజులు. గాంధీ మహాత్ముని పిలుపును అందుకొని సుబ్బారావు గారు శస్త్రచికిత్స శాలలో సైతం ఖద్దరు దుస్తులే ధరించారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రం మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశం కష్టమై, మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. ఈ కాలానికి అటూ ఇటూగా ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రక్తం క్షీణించి, మనిషి కృశించిపోయే వ్యాధి అది. దానికి అప్పుడు మందు లేదు. ఎందుకు లేదన్న ప్రశ్న సుబ్బారావు గారి మనసులో అప్పటి నుండి నిలిచిపోయింది.

1919లో ఆయనకు శేషగిరి గారితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సహాయము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన తోడ్పాటు తోడై అమెరికా ప్రయాణం సాధ్యమయింది. ఒక దాత ఎన్నడో విద్య కొరకు ఏర్పరచిన నిధి, తాను ఎరుగని ఒక యువకుణ్ణి సముద్రాలు దాటించింది. విద్యాసంస్థలను దానధర్మాలతో నిలబెట్టే పెద్దలు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. విత్తనం నాటినవాడు చెట్టును చూడకపోవచ్చు. అంతమాత్రాన నాటడం వ్యర్థం కాదు.

1920ల తొలి సంవత్సరాలలో ఆయన బోస్టను నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విద్యలో డిప్లొమా పొందారు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువుతూ, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేసి పొట్ట పోసుకున్నారు. తరువాత హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరారు. విద్యార్థుల ప్రశ్నలకు ఆయన పని జవాబు చెప్పడం ఇక్కడి నుండియే ఆరంభమవుతుంది.

కంటికి కనబడని దానిని కొలవడం ఎట్లా? ఆయనకు ఎదురైన మొదటి సమస్య ఇదే. రక్తంలోనూ, మూత్రంలోనూ, కండరాలలోనూ భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది. దాని పరిమాణం మిల్లీగ్రాములో చిన్న భాగం మాత్రమే. అంతటి స్వల్ప పరిమాణాన్ని త్రాసులో తూచి ప్రయోజనం లేదు. ఫిస్కే, సుబ్బారావు గారలు దానిని రంగుతో కొలిచారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటుకు అమ్మోనియం మాలిబ్డేటును చేర్చితే అవి రెండూ కలిసి ఒక సంయోగపదార్థం ఏర్పడుతుంది. తగిన క్షయకరణిని చేర్చగానే ఆ పదార్థం మాత్రమే ముదురు నీలంగా మారుతుంది. ఫాస్ఫేటుతో కలియని మాలిబ్డేటు రంగు మారదు. కనుక నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. తెలిసిన పరిమాణం గల ద్రావణాన్ని ప్రక్కన ఉంచి రెండు రంగులను పోల్చితే లెక్క తేలిపోతుంది. రంగు ద్వారా కొలవడం అంతకు ముందే ఉన్నది. వీరు ఎన్నుకొన్న క్షయకరణి వల్ల ఆ కొలత త్వరగా, నమ్మకంగా సాధ్యమయింది. 1925లో ప్రకటితమైన ఈ విధానం ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలకు చేరింది. ఎన్నో తరాల విద్యార్థులు దీనిని చేతులారా చేసి నేర్చుకొన్నారు. మన విద్యార్థులు పరీక్షనాళికలో రంగు మారగానే రికార్డులో ఒక్క మాట వ్రాసి ముందుకు సాగిపోతారు. ఆ రంగు ఒక సంఖ్యను కూడా చెప్పగలదన్న సంగతి వారికి తోచాలి.

ఫలితం పుస్తకం ప్రకారం రాకపోతే? దీనికి జవాబు మరింత ఆసక్తికరమైనది. కండరం నుండి తీసిన రసంపై ఈ పద్ధతిని ప్రయోగించినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. తొలుత పలుచగా కనబడి, క్రమక్రమంగా చిక్కబడుతూ పోయింది. మరొకరైతే ద్రావణాలు చెడిపోయాయని పారబోసి, తిరిగి కలిపి ఉండేవారు. లేదా చివరకు వచ్చిన అంకెను మాత్రం వ్రాసుకొని ఊరుకునేవారు. వీరు అట్లా చేయలేదు. రంగు ఆలస్యంగా వస్తున్నదంటే ఫాస్ఫేటు ఆలస్యంగా విడుదల అవుతున్నదన్నమాట. అట్లయితే అది అంతకు ముందు దేనితోనో కలిసి ఉండాలి. ఆ దారిని పట్టి వెదకగా క్రియాటిన్ అనే పదార్థంతో జతకూడిన ఫాస్ఫేటు బయటపడింది. ఆమ్లంలో సులభంగా విడిపోయే ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వీరు దీనిని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులోనూ కొందరు ఈ పదార్థపు జాడ కనుగొన్నారు.

కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తరుగుతుంది. విశ్రాంతి పొందినప్పుడు మరల సమకూరుతుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్లనే వస్తుందన్న అభిప్రాయం ఆనాటి శాస్త్రలోకంలో గట్టిగా ఉండేది. కండరాల శక్తిపై చేసిన పరిశోధనలకు హిల్, మైయర్హాఫ్ అనే పండితులు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పొందియున్నారు. అటువంటి అభిప్రాయాన్ని తిరిగి పరిశీలించవలసిన అవసరం ఒక పరీక్షనాళికలో ఆలస్యంగా వచ్చిన నీలిరంగు వల్ల కలిగింది. కనుక ప్రయోగశాలలో ఫలితం తేడాగా వచ్చినప్పుడు ప్రక్కవాని రికార్డు చూసి అంకె దిద్దుకోవడం కంటె విద్యార్థి తనకు తాను చేసుకోగల నష్టం లేదు. ముందుగా తన పనిని మరల సరిచూసుకోవాలి. అప్పటికీ తేడా నిలిచి ఉంటే ఆ తేడాయే పాఠం.

శక్తి ఎక్కడ దాగి ఉంటుంది? కండరపు రసంలోని భాస్వరానికి అప్పటికీ పూర్తి లెక్క రాలేదు. మిగిలినదాని కొరకు వెదకగా, అడెనిన్, రైబోజు అనే చక్కెర, మూడు ఫాస్ఫేటు సమూహాలు కలిసిన అణువు దొరికింది. అదే అడెనోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఎ.టి.పి. 1929లో ఫిస్కే, సుబ్బారావు గారలు అమెరికాలోనూ, కార్ల్ లోమాన్ జర్మనీలోనూ వేరువేరుగా దీనిని కనుగొన్నారు. జీవరాశిలో శక్తి చేతులు మారడానికి ఇది నాణెం వంటిదన్న విషయం తరువాతి సంవత్సరాలలో స్థిరపడింది. మన శరీరంలో ఏ క్షణంలోనైనా ఉండే ఎ.టి.పి. స్వల్పమే. అది విడిపోతూ, తిరిగి కూడుతూ ఒక దినంలో చేతులు మారే మొత్తం మాత్రం దాదాపు మనిషి బరువుకు సమానమని లెక్కగట్టారు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే సంగతి ఒకటి ఉన్నది. బంధం తెగితే శక్తి వెలువడుతుందని చాలామంది వ్రాస్తారు. అది సరికాదు. ఏ బంధమైనా తెగడానికి శక్తి వ్యయం కావలసిందే. ఎ.టి.పి. నీటితో చర్య జరిపినప్పుడు కొన్ని బంధాలు తెగి, కొత్తవి ఏర్పడతాయి. ప్రక్క ప్రక్కనే ఇరుకుగా ఉండి ఒకదానినొకటి వికర్షించుకొనే ఫాస్ఫేటు సమూహాలు విడివడి, నీటిలో మరింత స్థిరమైన స్థితిని పొందుతాయి. మొదటి స్థితికి, చివరి స్థితికి గల తేడాయే మనకు దక్కే శక్తి. ప్రామాణిక పరిస్థితులలో అది మోలుకు సుమారు 30 కిలోజౌళ్ళు. పొడిసున్నంపై నీళ్ళు పోసినప్పుడు కుతకుత ఉడికి వేడి పుట్టడంలోనూ సూత్రం ఇటువంటిదే. వేడి సున్నంలో మూటకట్టి లేదు, నీటిలోనూ లేదు. రెండూ కలిసి మరింత స్థిరమైన తడిసున్నంగా మారడంలో ఉన్నది.

1930లో సుబ్బారావు గారికి హార్వర్డు పిహెచ్.డి. పట్టం లభించింది. ఇంతటి పని చేసినా ఆ విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఆచార్య పదవి ఆయనకు దక్కలేదు. అయినా పదేళ్ళు అక్కడే ఓర్పుతో పరిశోధన సాగించారు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళి, అచిరకాలంలోనే పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించారు. సోదరులను పోగొట్టుకొన్న నాటి ప్రశ్నను మరల చేతపట్టే అవకాశం అక్కడ కలిగింది.

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక పూర్వకథ ఉన్నది. బొంబాయి మిల్లు కూలీలలో గర్భిణీ స్త్రీలకు సోకే రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమగునని 1931లో తెలిపారు. అందులోని గుణకారి ఏదో అప్పుడు తెలియదు. 1941లో మరికొందరు శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని సాధించి, లాటిన్ భాషలో ఆకు అన్న అర్థం గల పదం నుండి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దానిని పరిశుద్ధంగా వేరుచేసి, నిర్మాణం తెలుసుకొని, ప్రయోగశాలలో తయారుచేసే కార్యాన్ని సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లే బృందం 1945లో సాధించింది. స్ప్రూ రోగులకు అది ఔషధమయింది. సోదరుల ప్రాణాలను నిలుపలేకపోయినా, ఆ రోగంతో బాధపడే ఎందరికో మార్గం దొరికింది. నేడు ఆరోగ్యకేంద్రాలలో గర్భిణులకు ఇనుముతో పాటు ఇచ్చే మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

సూత్రాలు నేర్చి ఏమి సాధిస్తామన్న ప్రశ్నకు తరువాతి ఘట్టమే సమాధానం. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణం తెలిసినప్పుడే దానిని పోలిన అణువులను కావాలని నిర్మించడం సాధ్యమవుతుంది. ఆ అణువులో ఒకచోట ఉండే ఆమ్లజని సమూహాన్ని తొలగించి, ఆ స్థానంలో నత్రజనితో కూడిన ఎమినో సమూహాన్ని ఉంచితే ఎమినోప్టెరిన్ వస్తుంది. చూడడానికి రెండూ కవలల వంటివి. గుణాలు మాత్రం విరుద్ధం. ఒకటి కణాల వృద్ధికి తోడ్పడే విటమిను. రెండవది విటమిను స్థానాన్ని ఆక్రమించి వృద్ధిని అడ్డగించే పదార్థం. రక్తకేన్సరుతో బాధపడే పిల్లలకు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని ఇచ్చారు. 16 మందిలో 10 మందికి మేలు కనబడినదని 1948లో ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమే అయినా, అంతవరకు ఏ ఆశా లేని రోగంలో అది తొలి వెలుగు. ఆ కోవలోనే లెడర్లేలో రూపొందిన మెథోట్రెక్సేటు నేటికీ కేన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది. సూత్రంలో ఒక్క సమూహం మారితే మనిషి బ్రతుకే మారగలదు. కనుక సూత్రాలను కంఠస్థం చేయడంతో ఆగక, వాటి రూపాన్ని మనసులో చూడడం అలవరచుకోవాలి.

అదే ప్రయోగశాలల నుండి 1947లో ఫైలేరియా వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. కోస్తా ఆంధ్ర ప్రజలను బోదకాలు ఎంతగా పీడించిందో మనకు చెప్పనవసరం లేదు. ఆ మందే డై ఇథైల్ కార్బమజీన్ అన్న పేరుతో 2004 నుండి మన దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలలో సామూహికంగా పంచబడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ సాధించిన ఆరియోమైసిన్ 1948లో వెల్లడి అయినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. డగ్గర్‌ను ఆ పనిలో నిలిపి ప్రోత్సహించినవారు సుబ్బారావు గారు.

ఆ సంవత్సరమే, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53 ఏండ్లు మాత్రమే. దేశం విడిచిన తరువాత ఆయన మరల స్వదేశానికి రాలేదు. భార్యను మరల చూడలేదు. పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయాడు. నోబెల్ బహుమతి రాలేదు. సభలలో ముందు వరుసలో కూర్చుండే స్వభావమూ ఆయనది కాదు. శేషగిరి గారి ఒంటరి జీవితాన్ని తలచినప్పుడు, ఈ ఘనతకు మూల్యం చెల్లించినది ఆయన ఒక్కరే కాదని మనం గ్రహించాలి. మరణానంతరం సహశాస్త్రజ్ఞుడొకడు ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని పేరుపెట్టి గౌరవించాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

ఇక మనసులో దాచుకొన్న చివరి ప్రశ్న. రెండుమార్లు మెట్రిక్యులేషన్ తప్పినవాడు, కోరిన పట్టానికి బదులు తక్కువ పత్రంతో సరిపెట్టుకొన్నవాడు, పదవి దక్కక వేరొక చోటు వెదకుకొన్నవాడు మానవజాతికి ఇన్ని మేళ్ళు చేశాడు. పరీక్షలు అవసరం లేదని మేము చెప్పడం లేదు. సుబ్బారావు గారు సైతం మూడవసారి కూర్చుండి ఉత్తీర్ణులైన తరువాతనే ముందుకు వెళ్ళారు. అయితే పరీక్ష ఒక గుమ్మం మాత్రమే. ఆ గుమ్మం ముందు ఒకసారి తడబడినవానిని ఇంటివారు పొలానికో, దుకాణానికో పంపి చదువు చాలించడం మన మెట్టసీమలో అరుదు కాదు. మూడవ ప్రయత్నానికి తావు ఇవ్వని ఇల్లుగాని, కళాశాలగాని ఏమి పోగొట్టుకొంటున్నదో దానికి ఎన్నటికీ తెలియదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో గాజు సామాను, రసాయనాలతో పాటు ఒక ప్రశ్నల పుస్తకం కూడా ఉంచాలి. ఫలితం తేడాగా వచ్చిన ప్రతి విద్యార్థి ఆ తేడాను దాచకుండా అందులో వ్రాయాలి. అధ్యాపకులు వారానికి ఒక గంట వాటిని చర్చించాలి. తప్పినవారు తిరిగి వచ్చి ప్రయోగాలు చేసుకొనేందుకు ప్రయోగశాల తలుపు తెరచి ఉండాలి. దీనికి వ్యయం స్వల్పం. విద్యార్థులకు చెప్పేది కూడా స్వల్పమే. రంగు ఆలస్యంగా వస్తే నాళికను పారబోయకండి. గడియారం చూచి, కాలం వ్రాసుకొని, ఎందుకని అడగండి.